అరవైకి అందని వరండా

గోగులంక పాత తాలూకా కచేరీ వరండాలో ఆ సోమవారం ఉదయం పదిన్నర గంటలకు హాజరైనవారు తూర్పు నుంచి పడమరకు ఈ వరుసలో ఆసీనులై ఉన్నారు. మొదటి కుర్చీలో శాసనసభ ఉపసంఘం అధ్యక్షులు శ్రీ పెన్మెత్స సోమరాజు గారు. ఆయన కుడి పక్కన, ఒడిలో మినిట్సు పుస్తకంతో ఉపసంఘం కార్యదర్శి. మూడవ కుర్చీలో స్థానిక తహసీల్దారు శ్రీమతి జులేఖా బేగం. నాల్గవ కుర్చీలో ప్రభుత్వ భవనాల శాఖ సూపరింటెండింగు ఇంజనీరు శ్రీమతి వసుధ. అయిదవ కుర్చీలో ఆమె తండ్రి, భవన పరిశోధనశాల విశ్రాంత డైరెక్టరు శ్రీ గుమ్మలూరి దక్షిణామూర్తి గారు. ఆరవ కుర్చీ గెడ్డం నూకరత్నం కోసం వేసినది. ఒకప్పుడు ఆ పరిశోధనశాలలో అటెండరుగా పనిచేసిన ఆమె మాత్రం ఆ కుర్చీ వంక చూసి, వద్దులెండి అన్నట్టు చెయ్యి ఊపి, వరండా మెట్టు మీద కూర్చున్నది.

తేల్చవలసిన విషయం ఒక్కటే. ఈ కచేరీని ఉంచాలా, పడగొట్టాలా అన్నది.

ప్రభుత్వ భవనాల శైలీ చట్టం వచ్చి అప్పటికి ఇరవై ఏళ్ళయింది. ప్రభుత్వ కార్యాలయం అన్నది లోపల అడుగుపెట్టే పౌరుని మనసులో గౌరవం కలిగించాలనీ, ఆ గౌరవ సంఖ్య అరవైకి తగ్గిన భవనాన్ని తొలగించి, దాని స్థానంలో ఉన్నత శైలి భవనం నిర్మించాలనీ అందులోని నాల్గవ సెక్షను చెబుతుంది. ఉన్నత శైలి అంటే ఇరవై ఒక్క మెట్లు, పన్నెండు గుండ్రని స్తంభాలు, నున్నటి రాతి నేల, పైన తెల్లని గుమ్మటం. రాష్ట్రంలో ఆరువందల నలభై కార్యాలయాలు ఈ ఇరవై ఏళ్ళలో ఆ రూపం దాల్చాయి. ఒకసారి వరదలని, ఒకసారి కోర్టు స్టే అని, ఏదో ఒక కారణం అడ్డుపడి మిగిలిపోయిన పెంకుల కచేరీ ఇదొక్కటే. దీనికి మినహాయింపు ఇవ్వమని ఊరివాళ్ళు అర్జీ పెట్టుకున్నారు. అరవై వస్తే ఇస్తామని ఉపసంఘం జవాబిచ్చింది.

గౌరవాన్ని అంకెల్లోకి తేవచ్చని నిరూపించినవారు దక్షిణామూర్తి గారే. శరీరశాస్త్రవేత్త డాక్టర్ మెహరున్నీసా, ఆయన కలిసి తయారుచేసిన స్పందన పలక గుమ్మంలో నేల మీద పరుస్తారు. చూడటానికి కాల్చిన మట్టి పెంకులా ఉంటుంది. దాని గర్భంలో వెంట్రుకకన్నా సన్నని కర్బన తంతువులు వేల సంఖ్యలో అల్లి ఉంటాయి. మనిషి దాని మీద అడుగుపెట్టిన క్షణంలో అరికాలి వెచ్చదనాన్ని, చెమటను, నాడిని, బరువు మడమ నుంచి మునివేళ్ళకు జరిగే తీరును అవి పట్టుకుని గౌరవ సంఖ్యగా మారుస్తాయి. ముఖం అబద్ధమాడవచ్చు గాని అరికాలు ఆడదని మెహరున్నీసా అంటుండేవారు.

ఎనభై ఒకటవ ఏట దక్షిణామూర్తి గారు ఇక్కడికి రావడం సాక్షిగా మాత్రమే. తొలి పరీక్షలో పనిచేసినవారు ఇద్దరు సమక్షంలో ఉండాలని నియమం. బతికి ఉన్నవారు ఇద్దరే, ఆయనా, నూకరత్నమూ. అయితే కోటు జేబులో చెయ్యి పెట్టుకుని ఆయన మనసులో కోరుకుంటున్నది సాక్షికి తగిన కోరిక కాదు. ఈ వరండాకు అరవై రావాలి.

సోమవారం అర్జీల రోజు గనుక జనం బాగానే వచ్చారు. మొదట గొడుగు చంకన పెట్టుకున్న ఒక పెద్దాయన పలక దగ్గర ఆగి, తొక్కాలా దాటాలా అన్నట్టు చూశాడు.

"ఏటండీ ఇది, తూకమా?"

"తూకం కాదండీ. ఒక్క క్షణం దాని మీద నిలబడి లోపలికి వెళ్ళండి" అన్నది వసుధ.

"బరువెంతో సెప్తదా?"

"బరువు చెప్పదండీ."

"మరెందుకండీ దీనికింత కరెంటు" అంటూ ఆయన నిలబడి, వెళ్ళిపోయాడు. వసుధ చేతిలోని తెర మీద ముప్పై ఎనిమిది అని పడింది.

ఆ తరవాతి స్త్రీకి నలభై మూడు. ఆమె వెనక వచ్చిన రొయ్యల చెరువుల ఆసామికి ముప్పై అయిదు. దక్షిణామూర్తి గారు తెర వైపు చూడకుండా ఉండేందుకు ప్రయత్నించి, ఎదురుగా ఉన్న టేకు స్తంభాన్ని చూస్తూ కూర్చున్నారు.

ఆ స్తంభానికి ఆనుకునే ఆయన తండ్రిగారి బల్ల ఉండేది. సోమయాజులు గారు ఈ కచేరీలో నకలు గుమస్తా. ఇరవై ఎనిమిదేళ్ళు ఇతరుల దస్తావేజులకు నకళ్ళు రాశారు తప్ప, తనకంటూ ఒక్క దస్తావేజు రాయించుకునే అవసరం ఆయనకు కలగలేదు. సెలవు రోజుల్లో అమ్మ కాలువ దాటి పడవలో క్యారియరు తెచ్చేది. ఆమె వెంట వచ్చిన కొడుకు ఈ చల్లని గచ్చు మీద బోర్లా పడుకుని, కరిగిన లక్క వాసన, తడిసిన కాగితాల వాసన, ఎవరో విప్పుతున్న తమలపాకుల కట్ట వాసన కలగలిసి వస్తుంటే, తండ్రి కలం బరబరా నడవడం వింటూ నిద్రపోయేవాడు. పన్ను కట్టడానికి వచ్చినవాడు, పక్కవాడి గట్టు తగాదా విని తీర్పు చెప్పి, తాను వచ్చిన పని మరచిపోయి వెళ్ళేవాడు. తహసీల్దారు బయటకు వచ్చినప్పుడు అందరూ లేచి నిలబడేవారు. ఆయన లోపలికి వెళ్ళగానే మళ్ళీ అందరూ కూర్చునేవారు. అదంతా ఎంత సహజంగా జరిగేదంటే, ఇక్కడ గౌరవం లేదని ఎవరైనా అని ఉంటే సోమయాజులు గారు కలం పక్కన పెట్టి ఆ మనిషిని ఎగాదిగా చూసి ఉండేవారు.

ఒంటిగంటకు వసుధ మొదటి విడత సగటు చదివింది. నూట ఇరవై ఆరుగురికి నలభై ఒకటి.

సోమరాజు గారు నిట్టూర్చి లేచారు. "ఆయ్, మనవేం చేస్తావండీ. మా తాతగారు కూడా ఈ గుమ్మంలోనే శిస్తు కట్టారండి. కానీ చట్టం చట్టవే కదండీ డైరెక్టరు గారూ. అందులోనూ మీ చట్టం."

"నా పరికరం అబద్ధం చెప్పదండీ" అన్నారు దక్షిణామూర్తి గారు. అధ్యక్షులు, కార్యదర్శి, తహసీల్దారు భోజనానికి ట్రావెలర్సు బంగళాకు వెళ్ళారు. వసుధ తండ్రికోసం ఇంటి నుంచి తెచ్చిన పెరుగన్నం డబ్బా తెరిచింది. ఆయన తినలేదు.

మెట్టు మీది నుంచి నూకరత్నం లేచి, కొంగు సర్దుకుని, రెండడుగుల దూరంలో నిలబడింది.

"అయ్యగారండి, ఒక మాట సెప్పమంటారా?"

"చెప్పు, నూకరత్నం."

"పొద్దున్నుంచి సూత్తున్నానండి. ఈళ్ళందరూ సెప్పులేసుకునే తొక్కారండి. ఒక్కరూ ఇడవలేదండి."

"ఇది వరండా. ఇక్కడ ఎవరూ విడవరు. చెప్పులున్నా కొలవగలిగేట్టే పలకను సిద్ధం చేశాం. దానికి ఒక లెక్క ఉంది."

"అవునండి. ఆరోజు కూడా తమరు అదే మాటన్నారండి" అన్నది నూకరత్నం, నిష్ఠూరం ఏమీ లేకుండా.

ఆరోజు అంటే ఏ రోజో ఆయన అడగనక్కరలేదు.

ఇరవై రెండేళ్ళ క్రితం, పరిశోధనశాల వెనక ఖాళీ స్థలంలో రెండు నమూనా మండపాలు నిలబెట్టారు. ఒకటి పెంకులూ, వరండా, గచ్చు. రెండవది మెట్లూ, స్తంభాలూ, నున్నటి రాయి. రెండింటి గుమ్మంలోనూ ఒకే రకం పలకలు. లంక గ్రామాల నుంచి లారీల్లో జనాన్ని రప్పించి, సగం మందిని ఇటూ సగం మందిని అటూ నడిపించారు. అవి దక్షిణామూర్తి గారి జీవితంలో అందమైన రోజులు. మెహరున్నీసా పలకలను కుమ్మరి ఆవంలో కాల్పించి, వేడి తగ్గకముందే ముట్టుకుని, వేళ్ళు నోట్లో పెట్టుకునేవారు. ప్రతి కొత్త పలకనూ తన పాదంతోనే మొదట పరీక్షించేవారు. ఒక పలక ఆమెకు తొమ్మిది ఇచ్చింది. "మీ డైరెక్టరు మీద నాకున్న గౌరవం ఇదేనట, రాసుకోండి" అన్నారు. ప్రయోగశాల అంతా నవ్వింది. ఆయన కూడా నవ్వారు, కొంచెం ఆలస్యంగా.

పరీక్ష మూడు రోజులు సాగింది. స్తంభాల మండపానికి డెబ్భై నాలుగు వచ్చింది. వరండాకు నలభై రెండు. ఫలితం చూసి ఆయన కుర్చీలో వెనక్కి వాలి, శాస్త్రం మన ఇష్టాయిష్టాలను అడగదు అని మెహరున్నీసాతో అన్నారు. తన చిన్ననాటి వరండా ఓడిపోవడం ఆయనకు బాధ కలిగించింది. ఆ బాధనే తన నిష్పక్షపాతానికి రుజువుగా భావించారు.

ఆ సాయంత్రం నూకరత్నం తలుపు దగ్గరకు వచ్చింది. మండపాల ముందు తుడవడం, జనాన్ని వరుసలో పెట్టడం ఆమె పని. స్తంభాల మండపం చూసి జనం గుడి అనుకున్నట్టున్నారు. ఎవరూ చెప్పకుండానే మెట్ల కింద చెప్పులు విడిచి లోపలికి వెళ్ళారు. ఆ చెప్పులు కలిసిపోకుండా చూడటానికే ఆమెకు మూడు రోజులూ సరిపోయింది. "ఇటు అందరూ ఉత్త కాళ్ళండి, అటు అందరూ సెప్పులండి. మరి పలకకి తెలుత్తదాండి?" అని అడిగింది. చెప్పులకు ఒక లెక్క ఉందని చెప్పి, ఆయన ఆ మాటకు ఎంతో సంతోషించారు. అది ప్రశ్న అని ఆయనకు తోచలేదు, సాక్ష్యం అనిపించింది. నివేదికలో తానే స్వయంగా ఒక వాక్యం చేర్చారు: "పౌరులు తమంతట తామే పాదరక్షలు విడిచి లోపల అడుగిడుట, ఆ శైలి కలిగించు గౌరవమునకు ప్రథమ నిదర్శనము." శాసనసభలో మంత్రిగారు బిల్లు ప్రవేశపెడుతూ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివారు.

ఇప్పుడు, కచేరీ వరండాలో, ఎనభై ఒక్క ఏళ్ళ దక్షిణామూర్తి గారు కుర్చీలోనే వంగి తన బూట్ల తాళ్ళు విప్పసాగారు.

"నాన్నగారూ, ఏం చేస్తున్నారు?"

"చెప్పుల మందానికి వేసిన లెక్క ఏ చెప్పులతో వేశాం, నీకు గుర్తుందా?"

"నాకెలా గుర్తుంటుంది? నేను అప్పుడు శాఖలో చేరనేలేదు."

"ప్రయోగశాలలో ఉన్నవాళ్ళవి. నావి, మెహరున్నీసావి, గుమస్తాలవి. ఆఫీసుకు వేసుకొచ్చే పల్చటి అట్ట చెప్పులు." ఆయన మేజోడు కూడా తీసి మడత పెట్టి బూటులో పెట్టారు. "పొలం నుంచి వచ్చేవాళ్ళు వేసుకునే టైరు చెప్పు ఎంత మందమో మేమిద్దరం ఎప్పుడూ చూడలేదు."

ఆయన పలక మీద నిలబడ్డారు. గచ్చు చల్లదనం మోకాలి దాకా పాకింది. తెర మీద అరవై తొమ్మిది పడింది. వసుధ లేచింది. పక్కనే నీళ్ళ కుండ దగ్గర నిలబడ్డ ఒక అర్జీదారుని పిలిచి, చెప్పులతో ఒకసారి, చెప్పులు లేకుండా ఒకసారి నిలబెట్టింది. ముప్పై ఏడు. అరవై అయిదు. "రెండుసార్లెందుకండీ" అని అతను అడిగితే, "మొదటిది సరిగా పడలేదండీ" అన్నది. అది నిజమే.

వసుధ తెర మూసి ఒడిలో పెట్టుకుంది.

"కొత్త భవనాలన్నింటిలోనూ ఏటేటా సంఖ్య పడిపోతున్నది నాన్నగారూ. మీకు చెప్పలేదు. మొదట్లో డెబ్భై ఉండేది. తరవాత మెట్ల మీద చెప్పులు విడవకూడదని కాపలావాళ్ళను పెట్టాం. పోగులు పడి చూడటానికి బాగుండటం లేదని. అప్పటి నుంచి యాభై, నలభై అయిదు. పలకలు పాతబడ్డాయని రెండుసార్లు మార్పించాను." ఆమె తండ్రి ముఖంలోకి చూడకుండా మాట్లాడుతోంది. "నేను కట్టించినవి నూట పన్నెండు. వాటిలో ఒక్కోదాని మెట్లు దిగేటప్పుడు వెనక్కి తిరిగి చూసుకునేదాన్ని, ఇది మా నాన్నగారి శాస్త్రం అని."

ఆమె చెప్పనిది కూడా ఆయనకు అర్థమైంది. నూట పన్నెండు కచేరీలు, నూట పన్నెండు వరండాలు. గౌరవం తక్కువైందని పడగొట్టినవి.

వసుధ తేరుకుని, ఇంజనీరు గొంతుతో అన్నది. "మధ్యాహ్నం రెండో విడత కొలత ఉంది. రెండింటిలో ఎక్కువ వచ్చినదే లెక్కలోకి వస్తుందని నియమం. జనం చెప్పులు విడిచి వస్తే అరవై దాటుతుంది. కచేరీ నిలబడుతుంది. మిగతా విషయం..." ఆగింది. "మిగతా విషయం ఎవరికీ చెప్పనక్కరలేదు. పడగొట్టినవి తిరిగి రావు. మెహరున్నీసా పిన్నిగారు కూడా లేరు. ఆవిడ పేరు ఎందుకు పాడవాలి?"

ఆ ఆఖరి మాట ఆయనను పట్టుకుంది. మెహరున్నీసా పోయి ఆరేళ్ళు. ఆమె పేరుతో ప్రయోగశాలలో ఒక గది ఉంది. ఆ తలుపు మీది అక్షరాలను ఏటా ఒకసారి వెళ్ళి చూసి రావడం ఆయనకు అలవాటు. ఇప్పుడు వరండా నిలుస్తుంది, ఆ అక్షరాలు నిలుస్తాయి, తన పేరూ నిలుస్తుంది. దీనికి కావలసినది గుమ్మం దగ్గర ఒక మనిషి, ఒక మాట.

దక్షిణామూర్తి గారు నూకరత్నం వైపు తిరిగారు. "నూకరత్నం. రెండు గంటలకు జనం వస్తారు. గచ్చు ఇప్పుడే కడిగాం, చెప్పులు బయట విడవమని నువ్వు నిలబడి చెప్పు. నీ మాట వింటారు."

నూకరత్నం పక్కకు తిరిగింది. వరండా చివర అర్జీలు రాసేవాడు వదిలిపోయిన చిన్న బల్ల ఒకటి ఉంటే, దాని వంక చూసింది.

"మా ఆయన కొత్తలంక కచేరీలో అర్జీలు రాసేవోడండి. తమరికి తెల్దు లెండి. వరండాలో, ఇలాగే ఒక బల్లేసుకుని. తమ చట్టం వచ్చాక ఆ కచేరీ తీసేసి మెట్లది కట్టేరండి. మెట్ల మీద కూకోనివ్వలేదండి. రోడ్డు మీద గొడుగేసుకుని కూకున్నాడండి రెండు వేసవులు. నీడ లేని సోట అర్జీలు రాయించుకోడానికి ఎవరొత్తారండి. తర్వాత ఇంటికాడే ఉండిపోయేడండి. ఎవరితోనూ మాటాడేవోడు కాదండి. అలాగే పోయేడండి."

"నాకు తెలియదు" అన్నారాయన.

"సెప్పలేదండి, ఎలా తెలుత్తది. అందుకు అనటం లేదండి." ఆమె ఆయన వైపు తిరిగింది. ముఖంలో కోపం లేదు. పనివేళలో పని గురించి మాట్లాడే మనిషి ముఖం అది. "ఆరోజు నిజం సెప్తే ఇనలేదండి. ఇయ్యాల అబద్ధం సెప్పమంటున్నారండి. రెండూ నాచేతే ఎందుకు సేయిత్తారండి? నేను సెప్పనండి. నేను ఊరుకుంటే ఈ కచేరీ పడిపోద్దని తెలుసండి. పడిపోతే ఏడుత్తానండి. కానీ సెప్పనండి."

వసుధ ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపారు.

తన మాట కాదన్న అటెండరు ఆయన ఉద్యోగ జీవితంలో మరొకరు లేరు. కోపం వస్తుందేమోనని ఆయన తనలో వెతుక్కున్నారు. రాలేదు. దానికి బదులు మెహరున్నీసా గుర్తొచ్చారు, వేళ్ళు కాలి నోట్లో పెట్టుకున్న మెహరున్నీసా. ఏ పలక తప్పు చూపినా ముందు దాన్ని పగలగొట్టి, ఆ తరవాతే టీ తాగేవారు. ఆవిడ పేరును కాపాడుతున్నానని అనుకుంటూ, ఆవిడకు నచ్చని పనిని ఆవిడ పేరు మీద చెయ్యబోతున్నారు తాను. మేజోళ్ళు మళ్ళీ తొడుక్కోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. కూతురు సాయం చెయ్యబోతే, వద్దన్నారు.

రెండు గంటలకు అధ్యక్షులు వచ్చి కూర్చున్నాక, రెండో విడత మొదలుపెట్టమని కార్యదర్శి అంటుండగా దక్షిణామూర్తి గారు లేచి నిలబడ్డారు.

"అధ్యక్షా, కొలతకు ముందు నాదొక వాంగ్మూలం ఉంది. మినిట్సులో రాయించండి."

ఆయన అయిదు నిమిషాలు మాట్లాడారు. తిరుగులేని వాక్యాలలో, కర్త కర్మ క్రియలు ఎక్కడివక్కడ ఉంచి, తొలి పరీక్షలో చెప్పుల సంగతి చెప్పారు. చెప్పుల మందానికి వేసిన లెక్క ఎందుకు చాలదో చెప్పారు. తరవాత పొద్దున వచ్చిన గొడుగు పెద్దాయనను బతిమాలి పిలిచి, అందరి ఎదుట చెప్పులతోనూ, లేకుండానూ నిలబెట్టారు. ముప్పై ఎనిమిది. అరవై ఆరు. పెద్దాయన తెర వైపు మెడ సాచి, "ఏటండీ, మజ్జిగ తాగొచ్చాను, అందుకు పెరిగిందాండీ?" అన్నాడు. సోమరాజు గారు నవ్వబోయి మానుకున్నారు.

"ఏవండీ డైరెక్టరు గారూ" అన్నారాయన కొంతసేపటికి, గొంతు తగ్గించి. "ఆరొందల నలభై కచేరీలు పడగొట్టేసేం కదండీ. ఇప్పుడు చెప్పుల దగ్గర తేడా వచ్చిందంటే, సభలో నేనేం మొహం పెట్టుకుని చెప్పనండీ?"

"నా మొహం పెట్టి చెప్పండి. నేను వస్తాను."

"స్తంభాలకి గౌరవం లేదంటారా అయితే?"

"ఉందో లేదో నాకు తెలియదండీ. ఇరవై రెండేళ్ళుగా తెలుసనుకున్నాను. నేను కొలిచింది చెప్పులను."

వసుధ లేచి, కొత్త భవనాల సంఖ్య ఏటేటా పడిపోతున్న సంగతి తానూ చెప్పి, ఆ పట్టికలు ఉపసంఘానికి ఇస్తానన్నది. తండ్రి ఆమె వైపు తిరిగి చూశారు. చిన్నప్పుడు వక్తృత్వ పోటీలో మాట మరచిపోయి, మరచిపోయానని సభకు చెప్పి దిగిపోయిన పిల్ల ఆమె. ఆరోజు ఇంట్లో ఆయన ఆమెను కోప్పడ్డారు. ఎందుకు కోప్పడ్డారో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

రాని సభ్యులను ఫోనులో కలుపుకుని ఉపసంఘం గంటసేపు తర్జనభర్జన పడింది. నాల్గవ సెక్షను అమలును నిలిపివేయాలని, తొలి పరీక్షను తిరిగి జరిపేవరకు గోగులంక కచేరీని ముట్టుకోకూడదని సభకు సిఫారసు చేయాలని తీర్మానించింది. సభ ఒప్పుకుంటుందో లేదో సోమరాజు గారు కూడా చెప్పలేకపోయారు. మెహరున్నీసా పేరున్న తలుపు ఏమవుతుందో ఎవరూ అడగలేదు.

కార్యదర్శి చివరి అంశం రాసి వినిపించాడు. అందులో "పరీక్షలో జరిగిన ఒక సాంకేతిక లోపము నేడు వెలుగులోనికి వచ్చినది" అని ఉంది.

"నేడు కాదు" అన్నారు దక్షిణామూర్తి గారు. "వెలుగులోకి దానంతట అది రాలేదు. నేను చెప్తాను రాయండి, లేదా కలం ఇటివ్వండి, నేనే రాస్తాను."

"మీరు చెప్పండి, ఆయన రాస్తాడు" అన్నారు అధ్యక్షులు.

ఆయన చెప్పసాగారు. మధ్యలో ఒక వాక్యం దగ్గర సోమరాజు గారు వేలు పైకెత్తారు. "ఇది అక్కర్లేదేమోనండి. మధ్యాహ్నం మీరు ఆవిణ్ణి ఏదో అడిగితే ఆవిడ కాదన్న సంగతి. ఇంత వయసులో మీ గురించి మీరే ఇలా రాయించుకోవటం దేనికండీ."

"అది లేకపోతే ఆవిడ చేసిన పని సగమే అవుతుంది. ఉంచండి."

కార్యదర్శి అలాగే ఉంచాడు. ఆ పేజీ ఇలా ఉంది:

"అంశము అయిదు. స్పందన పలక తొలి పరీక్షలోని లోపమును ఇరువది రెండు సంవత్సరముల క్రితము, పరీక్ష ముగిసిన దినముననే గుర్తించి, తన పై అధికారి అయిన గుమ్మలూరి దక్షిణామూర్తికి స్వయముగా తెలియజేసిన వ్యక్తి, పరిశోధనశాల అటెండరు శ్రీమతి గెడ్డం నూకరత్నం గారు. ఆ అధికారి ఆమె మాటను ఆలకింపక, దానిని తన వాదమునకు అనుకూలముగా వాడుకొనెను. అదే అధికారి నేటి మధ్యాహ్నము కొలతను పక్కదారి పట్టించుటకు ఆమె సాయము కోరగా, ఈ కచేరీ నిలుచుట తనకు ఎంత ఇష్టమైనను, ఆమె నిరాకరించెను. పై తీర్మానమునకు మూలకారణము ఆమెయే. ఈ ఉపసంఘము శ్రీమతి నూకరత్నం గారికి ప్రజల పక్షమున తన కృతజ్ఞతను ఇందుమూలముగా నమోదు చేయుచున్నది."